మన చేత్తో అతికించిన రెక్క

అందరికీ నమస్కారం.

ముందుగా రెండు చిన్న కర్ర ముక్కలు మీ మధ్యకి పంపిస్తున్నాను. ఒక్కో ముక్కలో రెండేసి పుల్లలున్నాయి, వాటిని ఎపాక్సీ జిగురుతో అతికించాను. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ముందు వరసలో ఉన్నవాళ్లెవరైనా వాటిని విరగ్గొట్టండి. మొహమాటం వద్దు, విరగ్గొట్టడానికే తెచ్చాను. చేత్తో విరక్కపోతే కుర్చీ అంచుకి ఆనించి గట్టిగా నొక్కండి.

విరిగాయి కదా. ఇప్పుడు విరిగిన చోటు దగ్గరగా పెట్టుకుని చూసి, పక్కవాళ్లకి ఇవ్వండి. ఒకదాంట్లో కర్రే చీలింది. జిగురు గీత చెక్కు చెదరలేదు, దాని పక్కన కర్ర పీచు లేచి కనిపిస్తోంది. ఇంకోదాంట్లో కర్రకి ఏమీ కాలేదు. అతుకే ఊడొచ్చింది. ఊడిన చోట జిగురు అద్దంలా నున్నగా మెరుస్తోంది. మొదటి రకం అతుకుల్ని నమ్ముకుని మనిషి గాల్లోకి వెళ్లొచ్చు. రెండో రకం అతుకు రెక్కలో ఎక్కడ ఒక్కటి దాక్కుని ఉన్నా వెళ్లకూడదు. విరగ్గొట్టకముందు ఈ రెంటికీ తేడా కంటికి కనిపించదు, వేలికి తగలదు.

కర్రతో విమానం కట్టేవాళ్లు జిగురు కలిపిన ప్రతిసారీ, అదే జిగురుతో ఇలాంటి ముక్క ఒకటి అతికించి, దాని మీద తేదీ రాసి పక్కన పెడతారు. గట్టిపడ్డాక విరగ్గొట్టి చూస్తారు. ముక్క సరిగ్గా విరిగితే ఆరోజు చేసిన పని ఉంటుంది. లేకపోతే ఆరోజు అతికించిందంతా ఊడదీస్తారు. మోడల్ విమానాలైనా, మనిషి కూర్చునే విమానాలైనా, ఈ హాబీ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ముక్కలోనే ఉంది. ఎగరడం కోసమని ఇందులోకి వస్తాం. వచ్చాక ఎక్కువ కాలం గడిపేది మాత్రం మన చేతి పనిని మనమే అనుమానించి, పరీక్షించి, మళ్లీ చేయడంలో.

నేను మొట్టమొదట చేసింది రబ్బరు బ్యాండుతో ఎగిరే విమానం. మీలో చాలామంది చిన్నప్పుడు అలాంటిది చూసే ఉంటారు. దాన్ని బొమ్మ అని తీసిపారేయకండి. 1871 ఆగస్టులో పారిస్‌లోని ట్విలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో అనే 21 ఏళ్ల కుర్రవాడు మూరెడు రెక్క ఉన్న ఇలాంటి మోడల్‌ని నలుగురి ముందు ఎగరేశాడు. మెలితిప్పిన రబ్బరు ప్రొపెల్లర్‌ని తిప్పింది. 11 సెకన్లలో 40 మీటర్ల దూరం పోయింది. దూరం సంగతి అటుంచి, అది తనంతట తను నిలకడగా పోవడమే అసలు విశేషం. రెక్క కొసల్ని కాస్త పైకి వంచాడు, తోకని రెక్క కంటే కొంచెం తక్కువ కోణంలో బిగించాడు. గాలికి ముక్కు లేచినా, ఒక పక్కకి ఒరిగినా, మళ్లీ సర్దుకునేది. పట్టుకుని నడిపేవాళ్లు ఎవరూ లేరు. ఈరోజుకీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇచ్చే ట్రైనర్ మోడల్ చూడండి, ఆ రెండు వంపులూ కనిపిస్తాయి.

1878లో రైట్ సోదరుల నాన్నగారు ఊరి నుంచి వస్తూ పిల్లలకి ఒక బొమ్మ తెచ్చారు. అదీ పెనో పద్ధతిలో రబ్బరుతో పైకి లేచే హెలికాప్టరే. పిల్లలిద్దరూ అలాంటివే సొంతంగా చేశారు. పెద్దవి చేసేకొద్దీ అవి తక్కువ ఎగిరాయి. ఎందుకో అప్పుడు వాళ్లకి తెలియలేదు. కొలతలన్నీ రెండింతలు చేస్తే రెక్క వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. ఈ లెక్క అర్థమైతే మోడల్‌కీ పెద్ద విమానానికీ ఉన్న సంబంధం సగం అర్థమైనట్టే. చిన్నది ఎత్తు నుంచి పడినా ఒక్కోసారి చిన్న దెబ్బతో బయటపడుతుంది. పెద్దది అదే తీరున పడితే ముక్కలవుతుంది. అందుకే తప్పులన్నీ చిన్న విమానంతోనే చేసెయ్యాలని నేను పిల్లలకి చెబుతూ ఉంటాను.

ఈ మాట బాగా అర్థం చేసుకున్న మనిషి పాల్ మెక్రెడీ. చిన్నతనమంతా మోడల్ విమానాలతో గడిపినవాడు. మనిషి తన కండబలంతోనే ఎగిరి, ఎనిమిది అంకె ఆకారంలో తిరిగి రావాలని 1959లో క్రెమర్ బహుమతి పెట్టారు. 18 ఏళ్లు ఎవరికీ దక్కలేదు. ప్రయత్నించినవాళ్లు చాలా అందంగా, చాలా శ్రద్ధగా విమానాలు కట్టారు. అవి ఒకసారి దెబ్బతింటే బాగుచేయడానికి నెలలు పట్టేది. మెక్రెడీ అల్యూమినియం గొట్టాలు, తీగలు, పల్చటి మైలార్ ప్లాస్టిక్ షీటుతో 29 మీటర్ల రెక్క కట్టాడు. మొత్తం బరువు 32 కిలోలు. పడితే టేపు వేసి, గొట్టం మార్చి, త్వరలోనే మళ్లీ ఎగరేసేవాళ్లు. అలా పడుతూ లేస్తూ, ప్రతిసారీ ఏదో ఒకటి మారుస్తూ, 1977 ఆగస్టు 23న ఆ ఎనిమిది పూర్తి చేశారు. పెడళ్లు తొక్కి దాన్ని నడిపినవాడు బ్రయాన్ అలెన్. దాని పేరు గాసమర్ కాండర్. త్వరగా బాగుచేసుకోగలిగేలా కట్టడం కూడా డిజైన్‌లో భాగమేనని దాన్ని చూసే నేను తెలుసుకున్నాను. నా మోడల్స్‌లో రెక్కని ఇప్పటికీ రబ్బరు బ్యాండ్లతోనే కడతాను. నేల తగిలితే రెక్క జారి పక్కకి పోతుంది, విరగదు.

రేడియో సంగతికి వద్దాం. 1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ఒక మోడల్‌ని రేడియోతో నడిపారు. ఒకరు విమానం కట్టారు, హామ్ రేడియో, అంటే సరదాకి సొంతంగా రేడియో నడపడం, తెలిసిన ఇంకొకరు రేడియో కట్టారు. ఆ విమానం పేరు గఫ్, ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్లు మామూలు మనుషుల చేతికి వచ్చిన రేడియోలో ఉన్నది ఒక్క బటన్. ఒకసారి నొక్కితే రడ్డర్, అంటే తోక మీద విమానాన్ని పక్కకి తిప్పే పలక, కుడికి. రెండుసార్లు నొక్కితే ఎడమకి. ఆ రడ్డర్‌ని కదిపేది కూడా మెలితిప్పిన రబ్బరే. స్టిక్, అంటే రేడియో మీద వేలితో జరిపే చిన్న పుల్ల, ఎంత జరిపితే అంత కదిలే పద్ధతి 1960లలో గానీ అందరికీ అందలేదు. ఆ తర్వాత కూడా ఇద్దరు ఒకే ఛానెల్ మీద ఆన్ చేస్తే ఒకరి విమానం నేల మీదకి రావాల్సిందే. అందుకని మైదానంలో ఒక బోర్డు పెట్టి, ఛానెల్ నంబర్లున్న క్లిప్పులు తగిలించేవాళ్లు. ఆ క్లిప్పు ఎవరి దగ్గర ఉంటే వాళ్లే ట్రాన్స్‌మిటర్, అంటే చేతిలో పట్టుకునే రేడియో, ఆన్ చేయాలి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఆ గొడవ పోయింది. ఒకరి సిగ్నల్ ఇంకొకరి రిసీవర్ వినదు.

ఇక నేర్చుకోవడం. మొదటిసారి స్టిక్ పట్టుకున్నవాళ్లకి విమానం దూరంగా పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. కుడికి నొక్కితే కుడికి తిరుగుతుంది. అసలు కష్టం అది మనవైపు తిరిగాక మొదలవుతుంది. ఇప్పుడు దాని కుడి మనకి ఎడమ. ఎడమ వైపు ఒరుగుతోందని కంటికి కనిపిస్తుంది, చెయ్యి అసంకల్పితంగా స్టిక్‌ని కుడికి నొక్కుతుంది, విమానం ఇంకా ఒరుగుతుంది. టెన్షన్‌లో ఇంకా గట్టిగా నొక్కుతాం. రెండు సెకన్లు. అంతే టైమ్ ఉంటుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. నాకు నేర్పినాయన చెప్పింది, నేను నేర్పిన వాళ్లందరికీ చెప్పాను. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు ఆలోచించొద్దు. ఏ రెక్క కిందికి దిగిందో ఆ రెక్క వైపుకి స్టిక్‌ని తొయ్యండి. వాలుతున్న గోడకి కర్ర ఊతం పెట్టినట్టు, పడిపోతున్న రెక్క కింద స్టిక్‌ని ఊతంగా పెట్టండి. రెక్క లేస్తుంది. వారం పది రోజులకి ఆ ఆలోచన కూడా అక్కర్లేకుండా చెయ్యే చేసేస్తుంది. అందాకా పక్కన నేర్పేవాళ్లు ఉండాలి. రెండు ట్రాన్స్‌మిటర్లని కలిపి, ఏదైనా అయితే నేర్పే ఆయన ఒక్క స్విచ్చితో విమానాన్ని తన చేతిలోకి తీసుకునే ఏర్పాటు ఉంది. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా నేర్చుకుందామనే పట్టుదల ఉన్న పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కానీ ఈ ఒక్క విషయంలో ఆ పట్టుదల వద్దు.

ఎగరేసే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, రెండు మాత్రం చెబుతాను. మొదటిది గరిమనాభి, అంటే విమానం బరువంతా సమంగా నిలిచే చోటు. మేం సీజీ అంటాం. మామూలు ఆకారంలో ఉన్న మోడల్‌కి రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, మూడో వంతు మధ్యలో ఎక్కడో ఉంటుంది. రెండు చూపుడు వేళ్ల మీద రెక్కని ఆ గీత దగ్గర ఆనించి ఎత్తితే విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. తోక కిందికి వాలిందంటే ఎగరెయ్యొద్దు. ముక్కు బరువైన విమానం సరిగ్గా ఎగరదు, తోక బరువైన విమానం ఒక్కసారే ఎగురుతుందని మా వాళ్లలో ఒక మాట ఉంది. అది ప్రాణమున్న మాట. తోక బరువైతే పెనో చేసిన ఆ సర్దుకునే గుణం పోతుంది. ముక్కు కొంచెం లేస్తే ఇంకా లేస్తూనే పోతుంది. రెక్కకి గాలి తగిలే కోణం 15 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి రెక్క మోయడం మానేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. మనిషి ఎక్కే విమానమైనా ఇంతే, లెక్క ఏమీ మారదు. అక్కడ వేళ్ల మీద ఎత్తలేం కాబట్టి మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి లెక్క కడతారు.

రెండోది నా సొంత నష్టం. నాలుగు నెలలు కూర్చుని, బాల్సా అనే చాలా తేలికైన కర్రతో కట్టిన మోడల్ ఒకటి ఉండేది. రెక్క వెనక అంచున విమానాన్ని పక్కకి ఒరిగించే పలకల్ని ఐలరాన్లు అంటారు, వాటిని కదిపే చిన్న మోటారుని సర్వో అంటారు. దాని ఐలరాన్ సర్వో పాడైతే కొత్తది వేశాను. మైదానానికి వెళ్లాను. ఎగరేసే ముందు స్టిక్ అటూ ఇటూ కదిపి చూశాను. ఐలరాన్లు కదిలాయి. కదులుతున్నాయి కదా అనుకున్నాను. ఏ వైపుకి కదులుతున్నాయో చూడలేదు. కొత్త సర్వో పాతదానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది, ట్రాన్స్‌మిటర్‌లో దాన్ని మార్చాలి, నేను మార్చలేదు. విమానం చక్కగా లేచింది. రెండు మనుషుల ఎత్తులో గాలి తగిలి కుడి రెక్క కొంచెం వాలింది. ఎడమ ఇచ్చాను. ఇంకా వాలింది. ఇంకాస్త ఎడమ ఇచ్చాను. నేను చేసిందేమిటో మెదడుకి అందేలోపే రెక్క నేలని గీసింది.

ఆ శబ్దం ఇప్పటికీ నాకు గుర్తే. బాల్సా విరిగే శబ్దం చాలా చిన్నది, అగ్గిపెట్టె తొక్కినట్టు ఉంటుంది. పక్కనున్నవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు, ముక్కలు ఏరడానికి వచ్చారు. అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. మోడల్ వెనక నిలబడతాను. స్టిక్‌ని గుప్పిట్లో పట్టుకుని బొటనవేలు పైకి నిలబెట్టానని ఊహించుకుంటాను. స్టిక్ కుడికి వంచితే బొటనవేలు కుడికి వాలుతుంది. అది ఏ వైపు చూపిస్తే ఆ వైపు ఐలరాన్ పైకి లేవాలి. నోటితో పైకి అంటాను కూడా, 'కుడి, కుడిది లేచింది. ఎడమ, ఎడమది లేచింది.' పెద్ద విమానాల్లో కూడా రిపేరు తర్వాత కంట్రోలు తీగలు అటువి ఇటు బిగించడం వల్ల ప్రమాదాలు జరిగాయి. శిక్షణ పొందిన మెకానిక్కులు, అనుభవమున్న పైలట్లు ఉండి కూడా. కదిలిందా అని చూడటం వేరు, సరైన వైపు కదిలిందా అని చూడటం వేరు.

బ్యాటరీల గురించి ఒక్క నిమిషం. మోడల్స్‌లో వాడే లిపో, అంటే లిథియం పాలిమర్, సెల్ నిండితే 4.2 వోల్టులు. వాడకుండా దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడొద్దు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టే లెక్క, వేళ్లు దాని దారిలో ఉండకూడదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలు ఈ పని చేయొద్దు.

మోడల్ విమానం ఎంత దూరం పోగలదని ఎవరైనా అడిగితే నేను మేనార్డ్ హిల్ కథ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆయన వయసు అప్పటికి 77. చూపు దాదాపు పోయింది, వినికిడి తగ్గింది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మోడల్ అనిపించుకోవాలంటే ఇంధనంతో సహా 5 కిలోలు దాటకూడదు. ఆ బరువులో అట్లాంటిక్ సముద్రం దాటే విమానం కట్టాలని ఆయన పట్టుబట్టాడు. బాల్సా కర్ర, పైన ప్లాస్టిక్ పొర, ఆరు అడుగుల రెక్క, 10 సీసీ ఇంజిన్. కంటికి కనిపించినంత దూరం మనుషులు నడుపుతారు, తర్వాత జీపీఎస్ చూసుకుంటూ అదే పోవాలి. అంతకుముందు పంపినవి గమ్యం చేరలేదు. 2003 ఆగస్టు 9న కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరం నుంచి ఐదోదాన్ని పంపారు. 38 గంటల 52 నిమిషాల తర్వాత ఐర్లాండ్ తీరంలో ఎదురుచూస్తున్న వాళ్లకి అది కనిపించింది. 3,000 కిలోమీటర్లకి పైగా. రాత్రంతా, పగలంతా, మళ్లీ రాత్రంతా ఆ చిన్న ఇంజిన్ ఒక్క నిమిషం ఆగలేదు.

కళ్లు సరిగ్గా కనిపించని మనిషి అంత సన్నటి పని ఎలా చేశాడు? పక్కవాళ్లు సాయం చేశారు. వేళ్లతో తడిమి చూసుకునేవాడు. నేను ఒక పుల్లని సానబట్టి ఇక చాలు అనుకున్నప్పుడల్లా కళ్లు మూసుకుని ఒకసారి వేలితో తడుముతాను. కంటికి దొరకని మిట్ట వేలికి దొరుకుతుంది. ఆ అలవాటు ఆయన కథ విన్నాకే వచ్చింది.

ఇప్పుడు మనిషి కూర్చుని ఎగిరే విమానాల సంగతి. ఇంట్లో కట్టుకోవడం కొత్త వింత కాదు. మొదట్లో విమానాలన్నీ ఇళ్లలో, షెడ్లలో కట్టినవే. తొలినాటి వైమానికుల్లో ఒకడైన శాంటోస్ డ్యూమాంట్ తన చిన్న డెమొయిజెల్ విమానానికి పేటెంట్ కోసం పాకులాడకుండా, ఎవరైనా కట్టుకోండని ప్లాన్లు ఇచ్చేశాడు. 1920ల చివర్లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజిన్ పెట్టి కర్ర విమానం కట్టాడు. ఆ ప్లాన్లతో ఈరోజుకీ కడుతున్నారు.

వాళ్లిద్దరికంటే నేను ఎక్కువ ఆలోచించేది ఆన్రీ మిన్యే గురించి. ఫ్రాన్సులో 1933లో ఆయన ఒక బుల్లి విమానం ఎగరేశాడు. పేరు పూ దు సియెల్, అంటే ఆకాశపు పేను లాంటి అర్థం వస్తుంది. ముందొక రెక్క, దాని వెనకే ఇంకో రెక్క. ఐలరాన్లు లేవు, పెడళ్లు లేవు. స్టిక్ లాగితే ముందు రెక్కే మొత్తంగా పైకి తిరుగుతుంది. మామూలు మనిషి కట్టుకుని, మామూలు మనిషి నడపాలన్నది ఆయన కోరిక. ఆ కోరికలో ఏ కల్మషమూ లేదు. మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది, జనం వెర్రెత్తినట్టు కట్టడం మొదలుపెట్టారు. 1935, 36లో వరసగా మనుషులు చనిపోయారు. అన్నీ ఒకే రకం ప్రమాదాలు. విమానం ముక్కు కిందికి పెట్టి దిగుతుంది, ఎంత లాగినా లేవదు, అలాగే నేలలోకి పోతుంది.

ఫ్రాన్సులో, ఇంగ్లండులో అసలు సైజు విమానాన్నే పెద్ద గాలి సొరంగంలో పెట్టి చూస్తే కారణం తెలిసింది. విమానం బాగా కిందికి వంగినప్పుడు పైలట్ స్టిక్ లాగితే ముందు రెక్క పైకి తిరుగుతుంది. అప్పుడు రెండు రెక్కల మధ్య సందు ఇరుకై, అందులోంచి గాలి వెనక రెక్క మీదుగా జోరుగా పారుతుంది. వెనక రెక్క ఇంకా ఎక్కువ మోస్తుంది. వెనక లేస్తే ముక్కు ఏమవుతుంది? ఇంకా దిగుతుంది. బతకడానికి స్టిక్‌ని ఎంత లాగితే అంత వేగంగా చావు వైపు. ఆ రెక్కల మధ్య దూరం, పరిమాణం సరిచేశాక అదే పద్ధతి విమానాలు క్షేమంగా ఎగిరాయి, ఇప్పటికీ ఎగురుతున్నాయి. మిన్యే తన విమానాన్ని తనే ఎగరేశాడు, చాలాసార్లు ఎగరేశాడు, ఏమీ కాలేదు. తను వెళ్లని మూల ఒకటి ఉందని తెలియలేదు. నా విమానం నాకు బాగానే ఎగురుతోంది అని ఎవరైనా అంటే, ఏ మూలల్లోకి తీసుకెళ్లి చూశారని అడగాలనిపిస్తుంది నాకు.

1953లో అమెరికాలోని మిల్వాకీలో పాల్ పోబరెజ్నీ ఇలాంటి వాళ్లందర్నీ కలిపి ఒక సంఘం పెట్టాడు. దాని పేరు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్, పొడి అక్షరాల్లో ఈఏఏ. 1970 నుంచి ఆష్‌కాష్ అనే ఊళ్లో ఏటా జరిగే వాళ్ల సమావేశానికి సొంతంగా కట్టిన విమానాలు బారులు తీరి వస్తాయి. సంఘం చేసిన పెద్ద మేలు ఏమిటంటే, ఒంటరిగా కట్టేవాడి పక్కన ఇంకో జత కళ్లు పెట్టింది. అనుభవమున్న సభ్యులు కట్టేవాళ్ల షెడ్డుకి వెళ్లి పని చూసి, లోపాలు చెబుతారు. అమెరికా నిబంధనల ప్రకారం విమానంలో సగానికి పైగా పని సొంతంగా, నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలి. 51 శాతం రూలు అంటారు దాన్ని. పూర్తయ్యాక కూడా వెంటనే ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. ఇంజిన్ని బట్టి 25 గంటలో, 40 గంటలో కేటాయించిన చోట మాత్రమే ఎగరేసి పరీక్షించాలని చాలాకాలంగా ఉన్న పద్ధతి. మిగతా దేశాల్లో నిబంధనలు వేరు, మీ దేశంలో పౌర విమానయాన శాఖ ఏం చెబుతుందో రేకుల్ని కలిపే మొదటి రివెట్ కొట్టక ముందే కనుక్కోండి. మోడల్స్‌కి కూడా ఇదే మాట.

విమానాల డిజైనర్ బర్ట్ రుటాన్ పేరు వినే ఉంటారు. ఆయనా చిన్నప్పుడు మోడల్స్ పోటీల్లో గెలిచినవాడే. 1975లో వచ్చిన ఆయన వేరీ-ఈజీ విమానంలో రెక్కని ఫోమ్ దిమ్మ నుంచి వేడి తీగతో కోస్తారు, మోడల్ రెక్కల్ని కోసినట్టే. పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ. అచ్చులు అక్కర్లేదు. ఆ దారిలోనే పోయి ఆయన గీసిన వాయేజర్ 1986 డిసెంబరులో ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టి వచ్చింది. తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు ఎక్కువమంది కట్టేది అల్యూమినియంతో. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ మొదలుపెట్టిన ఆర్‌వీ విమానాలు 10,000కి పైగా ఎగిరాయి.

రివెట్ పని నేను ఒక మిత్రుడి షెడ్డులో చేశాను. ఒకరు బయటి నుంచి గన్నుతో కొడతారు, ఇంకొకరు లోపల చెయ్యి పెట్టి ఇనప దిమ్మ ఆనిస్తారు. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనపడదు. 'రెడీ', 'కొట్టు', 'చాలు', అంతే మాటలు. రివెట్ అణిగాక దాని తల కాడ మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉండాలి. గేజ్ పెట్టి చూస్తారు. పక్కకి వంగినదాన్ని డ్రిల్ చేసి తీసేస్తారు. తీసేటప్పుడు రంధ్రం పెద్దదైతే ఇంకో తలనొప్పి. విమానంలో అలాంటివి వేలకి వేలు. ఆయనా, ఆయన భార్యా కలిసి కొట్టారు. ఆమె లోపల దిమ్మ పట్టేది. 'అది వంగింది, తీసెయ్యండి' అని ఆమె అంటే ఆయన ఎదురు చెప్పకుండా తీసేసేవాడు. ఆ విమానం మీద నాకున్న నమ్మకం ఆ మాటల వల్లే.

సొంతంగా కట్టాలంటే ఎంత టైమ్ పడుతుందని అడుగుతారు. 2,000 గంటలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. రోజుకి రెండు గంటలు, ఏడాదికి 300 రోజులు పనిచేసినా మూడేళ్లు దాటుతుంది. మధ్యలో వదిలేసేవాళ్లు చాలామంది. వాళ్లని తక్కువ చేయను. నేర్చుకున్న పని ఎక్కడికీ పోదు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

ఒక గట్టి మాట కూడా చెప్పాలి. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఇలాంటి విమానాల ప్రమాదాల మీద అధ్యయనం వెలువరించింది. ఎక్కువ ప్రమాదాలకి కారణాలు రెండు. ఇంజిన్ ఆగిపోవడం, విమానం పైలట్ అదుపు తప్పడం. మనం రెక్క విరుగుతుందేమోనని రాత్రుళ్లు నిద్రపోం. ప్రాణాలు తీసేది ఒక్కోసారి ఇంధనం గొట్టంలో ఇరుక్కున్న చెత్త. అందుకే నేల మీద ముక్కు పైకెత్తి పెట్టి, ఇంజిన్ దగ్గర గొట్టం విప్పి, నిమిషానికి ఎంత ఇంధనం వస్తోందో గిన్నెలో పట్టి కొలుస్తారు. ఎవరూ ఫొటో తీసుకోని పని అది. అలాగే మొదటి ఫ్లైట్‌కి ముందు, కట్టినవాళ్లు అదే రకం విమానం ఇంకొకటి నడిపి చెయ్యి అలవాటు చేసుకోవాలి. ఏళ్ల తరబడి సుత్తి పట్టుకున్న మనిషి ఆ ఏళ్లలో స్టిక్ పట్టుకుని ఉండడు.

నేను ఇప్పుడు కడుతున్నది ఒకే మనిషి కూర్చునే కర్ర విమానం. రెక్కలో రిబ్బులు పూర్తి చేస్తున్నాను. రిబ్బు అంటే రెక్కకి ఆ వంపు ఇచ్చే పక్కటెముక. సన్నటి పుల్లల్ని చెక్క మీద మేకుల మధ్య వంచి పెట్టి, అవి కలిసే ప్రతిచోటా గోరంత ప్లైవుడ్ బిళ్ల అతికిస్తాను. మొన్న రాత్రి రెండు రిబ్బులు చేశాను. చలిగా ఉంది, ఆలస్యమైంది, గిన్నెలో జిగురు చిక్కబడుతోందని తెలుస్తూనే ఉంది. ఆఖరి నాలుగు బిళ్లలు మాత్రమే మిగిలాయి కదా అని అదే జిగురుతో పెట్టేశాను. పెట్టేశాక, గిన్నె అడుగున మిగిలిన దాంతోనే ఈ ముక్క అతికించాను. ఇదుగో, మొన్నటి తేదీ ఉంది. ఇంకా విరగ్గొట్టలేదు. ఇక్కడే చూద్దామని జేబులో పెట్టుకొచ్చాను.

(ముక్కని బల్ల అంచుకి ఆనించి విరుస్తూ)

లైటు కిందికి తీసుకొస్తాను. ఈ పక్కన కర్ర చీలింది, పీచు కనిపిస్తోంది. ఈ కొస దగ్గర, ఇక్కడ, వేలి వెడల్పున జిగురు మెరుస్తోంది. వెనక వరస వాళ్లకి కనిపించకపోతే తర్వాత వచ్చి చూడండి. ఆ నాలుగు బిళ్లలు ఏవో నాకు గుర్తే, రిబ్బు మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. రేపు పొద్దున ఆ రెండు రిబ్బుల్నీ పక్కన పడేసి, కొత్త పుల్లలు కోస్తాను.